బహుపది మూలాలు: సూత్రం వెతికే ముందు చేయాల్సిన పని

మీరు అడిగినవి రెండు. వర్గ సమీకరణానికి సూత్రం నోటికి వచ్చు, కానీ 2x⁴ − 3x³ − 10x² + 11x + 6 = 0 లాంటిది ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు, అన్నిటికీ పనికొచ్చే సూత్రం ఒకటి ఉందా అన్నది మొదటిది. అయిదో డిగ్రీ నుంచి మూలాలు కనుక్కోవడం అసాధ్యమంటారు కదా, మరి కంప్యూటర్ క్షణంలో ఎలా ఇస్తోంది అన్నది రెండోది. రెండు ప్రశ్నల వెనకా ఉన్న అపోహ ఒక్కటే కాబట్టి కలిపి, కాస్త పొడుగ్గానే చెబుతాను.

మూలాలు కనుక్కోవడం అంటే సూత్రంలో అంకెలు వేసి జవాబు తీయడమే అన్నది ఆ అపోహ. వర్గ సమీకరణం దగ్గర అది చక్కగా పనిచేస్తుంది కాబట్టి మనకు ఆ అలవాటు పడిపోతుంది. అక్కడి నుంచి పైకి వెళ్తే అసలు పని వేరు: సమీకరణం డిగ్రీని తగ్గించుకుంటూ రావడం. ఒక మూలం దొరికితే డిగ్రీ ఒకటి తగ్గుతుంది. లోపల దాగిన ఆకారం కనిపెడితే ఒక్కోసారి సగానికి సగం పడిపోతుంది. రెండో డిగ్రీ దాకా దింపగలిగితే మిగతాది మీకు తెలిసిందే. దించడానికి ఏ దారీ లేదని తేలినప్పుడు మాత్రమే సంఖ్యా పద్ధతుల వైపు, అంటే ఒక అంచనాతో మొదలుపెట్టి మూలానికి దగ్గరవుతూ పోయే లెక్కల వైపు, వెళ్లాలి. అదేమీ ఓటమి కాదు, దాని గురించి చివర్లో చెబుతాను.

మూలం దొరికితే డిగ్రీ ఎందుకు తగ్గుతుందో మీరు చదివే ఉంటారు. x స్థానంలో 3 పెడితే బహుపది విలువ సున్నా అయితే (x − 3) దానికి కారణాంకం అవుతుంది. దాంతో భాగిస్తే శేషం మిగలదు, భాగఫలం ఒక డిగ్రీ తక్కువ బహుపది, మిగిలిన మూలాలన్నీ అందులోనే ఉంటాయి. కారణాంక సిద్ధాంతం చెప్పేది ఇంతే. కానీ కింద చేయబోయే ప్రతి పనికీ ఆధారం ఇదే.

ఇక మీ సమీకరణం. గుణకాలన్నీ పూర్ణ సంఖ్యలే. అలాంటప్పుడు మొదట అడగాల్సింది: అకరణీయ మూలాలు, అంటే పూర్ణ సంఖ్యల భిన్నంగా రాయగలిగేవి, ఉన్నాయా? ఉంటే అవి ఎక్కడైనా ఉండలేవు. p/q కనిష్ఠ రూపంలో ఉన్న మూలమైతే p స్థిర పదాన్ని, అంటే 6ని, నిశ్శేషంగా భాగించాలి. q మొదటి గుణకాన్ని, అంటే 2ని, నిశ్శేషంగా భాగించాలి. కాబట్టి అభ్యర్థులు 1, 2, 3, 6, 1/2, 3/2, వాటి రుణ రూపాలు. మొత్తం 12. వీటిలో ఏదీ కాకపోతే ఈ సమీకరణానికి అకరణీయ మూలమే లేదని ఘంటాపథంగా చెప్పొచ్చు.

చాలామంది ఇక్కడ 12 అభ్యర్థుల్నీ వరసగా ప్రతిక్షేపించడం మొదలుపెట్టి, నాలుగో దాని దగ్గరికి వచ్చేసరికి విసిగిపోతారు. అంత శ్రమ అక్కర్లేదు. ముందు 1, −1 దగ్గర విలువలు చూడండి, అవి గుణకాలను కూడితే వచ్చేస్తాయి. x = 1 దగ్గర 2 − 3 − 10 + 11 + 6 = 6. x = −1 దగ్గర 2 + 3 − 10 − 11 + 6 = −10. రెండూ సున్నా కాదు కాబట్టి 1, −1 మూలాలు కావు. ఆ మాట తెలిసినందుకే ఆగిపోకండి, ఈ రెండు విలువలు ఇంకో మంచి పని చేస్తాయి. p/q మూలమైతే బహుపదిని (qx − p) గుణించు పూర్ణ సంఖ్యా గుణకాలున్న మరో బహుపదిగా రాయొచ్చు. అందులో x = 1 పెడితే (q − p) అనేది 6ని నిశ్శేషంగా భాగించాలని తేలుతుంది. x = −1 పెడితే (q + p) అనేది 10ని భాగించాలి.

ఈ జల్లెడలో అభ్యర్థుల్ని వేయండి. 6 అంటే p = 6, q = 1; తేడా 5, అది 6ని భాగించదు, పోయింది. 3కి మొత్తం 4, అది 10ని భాగించదు, పోయింది. 2కి మొత్తం 3, పోయింది. 1/2కీ మొత్తం 3, పోయింది. −3కి q − p విలువ 4, −6కి 7, −3/2కి 5. ఏదీ 6ని భాగించదు. చివరికి మిగిలినవి మూడే: 3/2, −2, −1/2. 1, −1 తప్ప ఇంకే ప్రతిక్షేపణా చేయకుండా 12 కాస్తా 3 అయ్యాయి. ఈ చిన్న ఉపాయాన్ని పాఠాల్లో ఎందుకో తక్కువగా చెబుతారు. నా మటుకు నేను అకరణీయ మూలాల నియమం చెప్పిన రోజే దీన్నీ చెప్పాలంటాను, ఎందుకంటే ఇది లేకపోతే ఆ నియమం సగం పనికే వస్తుంది.

ఇప్పుడు −2తో హార్నర్ పద్ధతిలో భాగించండి. గుణకాలు 2, −3, −10, 11, 6. మొదటి 2ని అలాగే దించాలి. దాన్ని −2తో గుణించి పక్కదానికి కూడితే −7. మళ్లీ అలాగే చేస్తే 4, తర్వాత 3, చివరికి 0. శేషం సున్నా కాబట్టి −2 మూలమే, మిగిలింది 2x³ − 7x² + 4x + 3. ఇక్కడ జాగ్రత్త: తర్వాతి అభ్యర్థిని ఈ చిన్న బహుపదిలోనే పరీక్షించాలి, మళ్లీ మొదటిదాని దగ్గరికి వెళ్లకూడదు. 3/2తో భాగిస్తే 2, −4, −2, 0. అంటే 2x² − 4x − 2 = 0, అంటే x² − 2x − 1 = 0, అంటే x = 1 ± √2. నాలుగు మూలాలూ దొరికాయి: −2, 3/2, 1 + √2, 1 − √2.

సరి చూసుకోవడానికి మూలాల మొత్తం, లబ్ధం చాలు. మొత్తం −2 + 3/2 + 2 = 3/2; మొదటి గుణకం 2, x³ గుణకం −3 కాబట్టి రావాల్సింది 3/2, సరిపోయింది. లబ్ధం (−2)(3/2)(−1) = 3, రావాల్సింది 6/2. అదీ సరిపోయింది. అరనిమిషం పట్టే ఈ పరీక్ష ఎప్పుడూ మానకండి.

ఇదే సమీకరణాన్ని ఇంకో వైపు నుంచి చూపిస్తాను. దీన్ని చూసిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది. పూర్ణ సంఖ్యల దగ్గర విలువలు రాయండి: 0 దగ్గర 6, 1 దగ్గర 6, 2 దగ్గర −4, 3 దగ్గర 30. బహుపది గ్రాఫు ఎక్కడా తెగదు కాబట్టి విలువ ధనం నుంచి రుణానికి మారిందంటే మధ్యలో సున్నాను దాటే ఉండాలి. కాబట్టి 1, 2 మధ్య ఒక మూలం, 2, 3 మధ్య ఇంకో మూలం ఉన్నాయి. 1, 2 మధ్య పడే అభ్యర్థి 3/2 ఒక్కటే. 2, 3 మధ్య అభ్యర్థే లేదు! అంటే అక్కడ మూలం ఉంది, కానీ అది అకరణీయం అయ్యే వీల్లేదు, అది కచ్చితంగా కరణీయ సంఖ్య, భిన్నంగా రాయలేనిది. సమీకరణం సాధించకముందే ఇంత తెలిసిపోయింది. −1 దగ్గర −10, 0 దగ్గర 6 కాబట్టి వాటి మధ్యా ఒకటి ఉంది. అక్కడ అభ్యర్థి −1/2 మాత్రమే, ప్రతిక్షేపిస్తే −1.5 వస్తుంది కాబట్టి అదీ కరణీయమే.

ఎన్ని మూలాలు ధనం, ఎన్ని రుణం అన్నదానికి డెకార్ట్ 1637లో ఇచ్చిన చిహ్న నియమం ఉంది. గుణకాల గుర్తులు వరసగా +, −, −, +, +. రెండుసార్లు మారాయి, కాబట్టి ధన మూలాలు రెండు, లేదా ఏమీ ఉండవు. తేడా ఎప్పుడూ సరి సంఖ్యే. x బదులు −x పెట్టి చూస్తే రుణ మూలాల లెక్క వస్తుంది. ఈ నియమం గరిష్ఠ సంఖ్యనే చెబుతుంది. ఒక అంతరంలో సరిగ్గా ఎన్ని వాస్తవ మూలాలున్నాయో తేల్చే పద్ధతిని 1829లో స్టర్మ్ ఇచ్చాడు, చేత్తో చేయడానికి మాత్రం అది చాలా పొడుగు.

అకరణీయ మూలం ఒక్కటీ లేకపోతే? అప్పుడు ఆకారం చూడాలి. x⁴ − 3x³ − 2x² − 3x + 1 = 0 తీసుకోండి. అభ్యర్థులు 1, −1 మాత్రమే, రెండూ పనికిరావు. కానీ గుణకాలు 1, −3, −2, −3, 1: ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. ఇలాంటివాటిని వ్యుత్క్రమ సమీకరణాలంటారు, ఒక సంఖ్య మూలమైతే దాని వ్యుత్క్రమమూ మూలమే. x²తో మొత్తం భాగించి x + 1/x ని y అనుకోండి. x² + 1/x² అంటే y² − 2. సమీకరణం y² − 3y − 4 = 0 అయిపోయింది, y = 4 లేదా −1. మొదటిదాని నుంచి x = 2 ± √3, రెండోదాని నుంచి x = (−1 ± i√3)/2 (i అంటే −1కి వర్గమూలం, అది ఉన్న సంఖ్యలే సంకీర్ణ సంఖ్యలు). నాలుగో డిగ్రీ ఒక్క అడుగులో రెండుకు దిగింది.

మరో ఆకారం: (x + 1)(x + 2)(x + 3)(x + 4) = 24. దీన్ని చూడగానే విస్తరించాలని చెయ్యి దురద పెడుతుంది, వద్దు. కొసల్లో ఉన్న రెండిటినీ, మధ్యలో ఉన్న రెండిటినీ జత చేయండి. రెండు జతల్లోనూ x² + 5x వస్తుంది. దాన్ని y అంటే (y + 4)(y + 6) = 24, అంటే y² + 10y = 0. y = 0 నుంచి x = 0, −5. y = −10 నుంచి x² + 5x + 10 = 0, దాని మూలాలు సంకీర్ణాలు. ఎవరో కట్టి ఇచ్చిన ఆకారాన్ని మనమే చెరిపేసుకుంటే తర్వాత వెతుక్కోవడం కష్టం. x⁶ − 7x³ − 8 = 0 లాంటివి మీకు చెప్పక్కర్లేదు, x³ని y అనుకుంటే చాలు.

పునరావృత మూలాల సంగతి వేరు, దానికి కాస్త ఓపిగ్గా ఆగాలి. x⁴ − 2x³ − x² + 2x + 1 = 0 చూడండి. −1, 0, 1, 2 నాలుగు చోట్లా విలువ 1. ఎక్కడా గుర్తు మారదు, అకరణీయ మూలమూ లేదు. వాస్తవ మూలాలే లేవని అనేసుకోవడం తేలిక, అది తప్పు. గ్రాఫు x అక్షాన్ని దాటకుండా తాకి వెనక్కి తిరుగుతుంటే గుర్తు మారదు. తాకే చోట బహుపదితో పాటు దాని అవకలజం, అంటే గ్రాఫు వాలు, కూడా సున్నా అవుతుంది. కాబట్టి బహుపదికీ అవకలజానికీ గరిష్ఠ సామాన్య భాజకం కనుక్కోండి. ఇక్కడ అవకలజం 4x³ − 6x² − 2x + 2, అది 2(2x − 1)(x² − x − 1)కి సమానం. సంఖ్యలకు చేసినట్టే భాగహారం మీద భాగహారం చేసుకుంటూ పోతే సామాన్య భాజకం x² − x − 1 అని తేలుతుంది. మన బహుపది దాని వర్గమే. మూలాలు (1 ± √5)/2, ఒక్కోటీ రెండేసిసార్లు. ఈ పద్ధతిలో గొప్పతనం ఏమిటంటే, మూలాలేమిటో తెలియకుండానే పునరావృత మూలాల్ని విడదీయగలగడం.

ఒక మూలం ప్రశ్నలోనే ఇచ్చినప్పుడు జతను మరిచిపోకండి. గుణకాలు వాస్తవ సంఖ్యలైతే 2 + i మూలం అయినప్పుడు 2 − i కూడా మూలం. గుణకాలు అకరణీయాలైతే 1 + √2తో 1 − √2 వస్తుంది. ఆ షరతు లేకుండా జత వస్తుందనుకోవద్దు: x² − √2x = 0 కి √2 మూలమే కానీ −√2 కాదు.

ఇప్పుడు మీరు అడిగిన సూత్రాల దగ్గరికి వద్దాం. వర్గ సమీకరణం సాధించే విధానాన్ని బ్రహ్మగుప్తుడు 628లోనే మాటల్లో చెప్పాడు. అన్ని పదాల్నీ వర్గ గుణకానికి నాలుగు రెట్లతో గుణించి, భిన్నాలు రాకుండా వర్గం పూర్తి చేసే పద్ధతి శ్రీధరాచార్యుడిది. ఘన సమీకరణానికి మాత్రం ఇటలీ గణితజ్ఞుల దాకా ఆగాల్సి వచ్చింది: డెల్ ఫెరో, టార్టాగ్లియా కనుక్కున్నదాన్ని కార్డానో 1545లో అచ్చు వేశాడు. పద్ధతి ఇది. ముందు x³ గుణకంతో మొత్తాన్ని భాగించి, x బదులు, y లోంచి x² గుణకంలో మూడో వంతు తీసేసినదాన్ని పెడితే వర్గ పదం మాయమవుతుంది, y³ + py + q = 0 మిగులుతుంది. Δ = (q/2)² + (p/3)³ అనుకుంటే

y = ∛(−q/2 + √Δ) + ∛(−q/2 − √Δ)

చూడ్డానికి అన్నీ తేల్చేసినట్టే ఉంటుంది. x³ + 6x − 20 = 0 మీద వాడి చూడండి. Δ = 100 + 8 = 108. కాబట్టి x = ∛(10 + √108) + ∛(10 − √108). జవాబు ఇదేనా? ఇదే. కానీ ఈ భయంకరమైన ఆకారం విలువ 2! √108 అంటే 6√3, (1 + √3) ఘనం 10 + 6√3, (1 − √3) ఘనం 10 − 6√3, కూడితే 2. అభ్యర్థుల జాబితాలోంచి 2ని పరీక్షిస్తే ఒక్క క్షణంలో దొరికేది. సూత్రం అబద్ధం చెప్పలేదు, కానీ మామూలు 2ని గుర్తుపట్టలేనంతగా ముసుగు వేసి ఇచ్చింది.

ఇంకా విచిత్రం x³ = 15x + 4 దగ్గర జరుగుతుంది. Δ = 4 − 125 = −121, రుణ సంఖ్యకు వర్గమూలం కావాలి. ఘనమూలాల కింద 2 + 11i, 2 − 11i వస్తాయి. కానీ x = 4 పెట్టి చూడండి: 64 = 60 + 4, చక్కటి వాస్తవ మూలం. బొంబెల్లి 1572లో ఈ చిక్కును విప్పాడు: (2 + i) ఘనం 2 + 11i, కాబట్టి కూడితే (2 + i) + (2 − i) = 4. కల్పిత సంఖ్యలు మధ్యలో వచ్చి చివర్లో రద్దయిపోయాయి. సంకీర్ణ సంఖ్యల్ని గణితం ఒప్పుకోక తప్పని పరిస్థితి తెచ్చింది వర్గ సమీకరణం కాదు, ఈ ఘన సమీకరణమే. x² + 1 = 0 కి మూలాలు లేవని చేతులు దులుపుకోవచ్చు; ఇక్కడ మూలం 4 కళ్లెదుటే ఉంది, దాని దగ్గరికి సూత్రం వేసిన దారి మాత్రం సంకీర్ణ సంఖ్యల గుండానే పోతోంది.

మూడు మూలాలూ వేర్వేరు వాస్తవ సంఖ్యలైతే Δ ఎప్పుడూ రుణమే, ఈ చిక్కు తప్పదు. అలాంటప్పుడు త్రికోణమితి వాడండి. x³ − 3x + 1 = 0 లో x = 2 cos θ పెడితే 8 cos³θ − 6 cos θ, అంటే 2 cos 3θ, −1కి సమానం కావాలి. cos 3θ = −1/2, కాబట్టి 3θ = 120°, 480°, 840°. మూలాలు 2 cos 40°, 2 cos 160°, 2 cos 280°, సుమారుగా 1.532, −1.879, 0.347. కూడి చూడండి, సున్నా వస్తుంది, రావాల్సిందీ అదే.

నాలుగో డిగ్రీకి కార్డానో శిష్యుడు ఫెరారీ దారి చూపాడు. మధ్యలో ఒక ఘన సమీకరణం సాధించి, దాని సాయంతో నాలుగో డిగ్రీని రెండు వర్గ సమీకరణాలుగా విడదీస్తాడు. చదివి ఆనందించాల్సిన వాదన అది. పరీక్షలో గానీ పనిలో గానీ చేత్తో చేయాల్సిన అవసరం రాదు.

అయిదో డిగ్రీ. మీరు చదివిన మాటను సరిదిద్దాలి. మూలాలు లేవని గానీ కనుక్కోలేమని గానీ ఎవరూ అనలేదు. సంకీర్ణ సంఖ్యల్లో ప్రతి బహుపదికీ, పునరావృతాల్ని లెక్కలోకి తీసుకుంటే, దాని డిగ్రీ ఎంతో అన్ని మూలాలుంటాయి. గాస్ 1799లో తన పరిశోధనా వ్యాసానికి ఎంచుకున్నది ఈ సిద్ధాంతాన్నే. రుఫీనీ అదే 1799లో వాదించినదీ, ఆబెల్ 1824లో నిరూపించినదీ వేరే విషయం. గుణకాల మీద కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం ఘనమూలం లాంటివి తీయడం, ఈ పనులు మాత్రమే వాడి అయిదో డిగ్రీ సమీకరణాలన్నిటికీ సరిపోయే ఒకే సూత్రం రాయలేం అన్నది వాళ్లు చెప్పిన మాట. ఏ సమీకరణానికి అలా రాయొచ్చు, దేనికి రాయలేం అని విడమరిచి చెప్పినవాడు గాల్వా. 1832లో ఇరవై ఏళ్లకే చనిపోయాడు, ఈ విషయం మీద ఆయన రాసిన ముఖ్య వ్యాసం 1846లో గానీ అచ్చుకు రాలేదు. x⁵ − 2 = 0 కి ఇబ్బంది లేదు, దాని వాస్తవ మూలం ⁵√2. కానీ x⁵ − 4x + 2 = 0 కి అలాంటి రూపం లేదు. మన జ్ఞానం చాలక లేకపోవడం కాదు, ఉండలేదని రుజువైంది.

మరి దాని మూలం తెలుసుకోలేమా? తెలుసుకోవచ్చు. గుర్తులు +, −, + కాబట్టి ధన మూలాలు రెండు, లేదా ఏమీ లేవు. రుణ మూలం ఒకటి. 0 దగ్గర 2, 1 దగ్గర −1, 2 దగ్గర 26. కాబట్టి 0, 1 మధ్య ఒకటి, 1, 2 మధ్య ఒకటి. రుణ మూలం −2, −1 మధ్య. మిగిలిన రెండూ సంకీర్ణ జత. ఇక కావాల్సినంత దగ్గరికి వెళ్లడమే మిగిలింది. అంతరాన్ని సగం చేసుకుంటూ పోవడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి, గుర్తు మారితే ఎప్పుడూ విఫలం కాదు. ఆరు దశాంశాలకు 20 అడుగులు పడతాయి. తొందరగా కావాలంటే న్యూటన్ పద్ధతి: ఉన్న అంచనాలోంచి, అక్కడి బహుపది విలువను అవకలజం విలువతో భాగించి తీసేయాలి. 1.5తో మొదలుపెడితే వరసగా 1.3314, 1.2581, 1.2441, 1.24360, ఆ తర్వాత 1.243596. మొదట్లో నెమ్మదిగా కదిలి, మూలం దగ్గరపడ్డాక ప్రతి అడుగుకూ సరైన అంకెలు సుమారు రెట్టింపు కావడం గమనించారా? అదే దాని బలం.

మొదటి అంచనా బాగోకపోవడం దాని బలహీనత. x³ − 2x + 2 = 0 కి 0తో మొదలుపెట్టండి: తర్వాతి అంచనా 1, దాని తర్వాత మళ్లీ 0, మళ్లీ 1. ఎన్నేళ్లు తిప్పినా అంతే, అసలు మూలం −2, −1 మధ్య ఉంది. అందుకే ముందు గుర్తులు చూసి అంతరం పట్టుకోండి, ఆ తర్వాతే న్యూటన్. నా దృష్టిలో 1.243596 అన్న జవాబు √2 అన్న జవాబుకన్నా తక్కువదేమీ కాదు. √2ని అంకెల్లో కావాలన్నప్పుడు చేసేదీ ఇలాంటి లెక్కే కదా.

కంప్యూటర్ చేసేదీ సంఖ్యా పద్ధతే, కాకపోతే దారి వేరు. పైథాన్‌లో నంపై గ్రంథాలయం బహుపది గుణకాలతో ఒక మాత్రికను (అడ్డువరసలు, నిలువువరసల సంఖ్యల పట్టికను) కట్టి, దాని లాక్షణిక విలువలు (eigenvalues) కనుక్కుంటుంది. అవే బహుపది మూలాలు. దాని జవాబును గుడ్డిగా నమ్మకండి. జేమ్స్ విల్కిన్సన్ ఇచ్చిన ఉదాహరణ ఇక్కడ తెలుసుకోవాలి: 1 నుంచి 20 దాకా పూర్ణ సంఖ్యలే మూలాలుగా ఉన్న 20వ డిగ్రీ బహుపది. అందులో x¹⁹ గుణకం −210. దాన్ని 2⁻²³ మేర, అంటే సుమారు 0.00000012 అంత, తగ్గిస్తే 20 మూలాల్లో పది సంకీర్ణాలైపోతాయి. కొన్నిటి కల్పిత భాగం 2 దాటుతుంది. మూలాలు ఒకదానికొకటి ఎంతో దూరంగా కనిపిస్తున్నా ఇలా జరుగుతుంది. కాబట్టి గుణకాలు కొలతల నుంచి వచ్చినవైతే, పెద్ద డిగ్రీ బహుపది మూలాల్లో ఆఖరి అంకెల దాకా అర్థం వెతకొద్దు. చేత్తో చేసేటప్పుడు కూడా ఉజ్జాయింపు మూలంతో భాగించి డిగ్రీ తగ్గిస్తే దోషం తర్వాతి మూలాల్లోకి పాకుతుంది. దొరికిన ప్రతి మూలాన్నీ మొదటి బహుపదిలోనే పెట్టి న్యూటన్ పద్ధతితో ఒకట్రెండు అడుగులు మెరుగుపెట్టండి.

పునరావృత మూలాల దగ్గర ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. x³ − 3x² + 3x − 1 ని కంప్యూటర్‌కు ఇచ్చి చూడండి. అది (x − 1) ఘనం, మూలం 1 మూడుసార్లు. కానీ మీకు సుమారు అయిదో ఆరో దశాంశ స్థానంలో తేడాతో 1 చుట్టూ మూడు వేర్వేరు సంఖ్యలు, వాటిలో రెండు సంకీర్ణాలుగా, రావచ్చు. కంప్యూటర్ లెక్కలో దోషం 10⁻¹⁶ స్థాయిలో ఉంటుంది, మూడుసార్లు వచ్చే మూలం ఆ దోషానికి ఘనమూలం అంత కదులుతుంది, అది 10⁻⁵ దరిదాపుల్లో ఉంటుంది. ఇలా దగ్గరదగ్గరగా గుంపుగా వచ్చిన మూలాలు కనిపిస్తే, పైన చెప్పిన అవకలజంతో సామాన్య భాజకం పరీక్షను పూర్ణ సంఖ్యా గుణకాల మీద కచ్చితంగా చేయండి. భాజకం 1 కాకపోతే అక్కడున్నది పునరావృత మూలం. దాంతో భాగించి, మిగిలిన బహుపదిని మళ్లీ కంప్యూటర్‌కు ఇస్తే 1 ఒక్కటే, ఏ తేడా లేకుండా వస్తుంది.